మా బావ చేన్లో లియోప్ల్యూరోడాన్

దాని పొడుగు ఇరవై అయిదు మీటర్లని టీవీలో చెప్పినవాడి మీద నాకు ఇప్పటికీ కోపం. అబద్ధం చెప్పాడని కాదు. అబద్ధాలు చెప్పి బతికినవాణ్ణి, ఆ మాట అనే హక్కు నాకు లేదు. అంత పెద్ద అబద్ధం ఆడి, అది ఎవరి నెత్తిన పడిందో చూడ్డానికి ఒక్కసారైనా తంబళ్లపల్లె బస్సు ఎక్కలేదని కోపం. నేను ఎక్కాల్సి వచ్చింది.

ఆ జంతువు పేరు లియోప్ల్యూరోడాన్. నోరు తిరక్కపోతే నష్టం లేదు, నాకూ నెల రోజులు పట్టింది. డైనోసార్లు నేల మీద తిరిగిన జురాసిక్ కాలంలో అది సముద్రంలో వేటాడి బతికింది. మొసలి తల, పొట్టి మెడ, పీపాలాంటి ఒళ్ళు, కాళ్ళ బదులు నాలుగు తెడ్లు. చేప కాదు. గాలి పీల్చుకోవాలంటే నీళ్ళ పైకి రావలసిందే. ఎక్కడో ఫ్రాన్సు దేశంలో దొరికిన మూడు పళ్ళు చూసి, పక్కలు నున్నగా ఉన్నాయని, ఆ అర్థం వచ్చేలా దానికి పేరు పెట్టారట. మూడు పళ్ళతో మొదలైన జంతువును టీవీవాళ్ళు ఇరవై అయిదు మీటర్ల దాకా లాగారు. నిజానికి అది ఆరేడు మీటర్లు దాటదని తర్వాత తెలిసింది. అంటే నేనెక్కిన ఆర్టీసీ బస్సు కన్నా పొట్టిది.

తొంభైల్లో నేను మదనపల్లెలో సినిమా బ్యానర్లు రాసేవాణ్ణి. హీరో మీసం ఒక్కటే మూడడుగులు దించిన చెయ్యి ఇది. బ్రష్షు ఒక పక్క, నోరు ఒక పక్క ఆడుతుండేవి. ఆ హీరో నాకు ఫోన్ చేసి మీసం ఇంకొంచెం దట్టంగా వెయ్యమన్నాడని చెప్తే టీ కొట్టు దగ్గర వినేవాళ్ళు ఉండేవాళ్ళు. ఎవరూ నమ్మేవాళ్ళు కాదు. నమ్మరు కాబట్టే చెప్పేవాణ్ణి. తర్వాత ఫ్లెక్సీలొచ్చాయి. ఎంత మీసం కావాలన్నా మిషనే కక్కేస్తుంటే నా చెయ్యి ఎవడికి కావాలి. చేతికి పని పోయింది, నోరు మిగిలింది.

అప్పుడు కుప్పం వైపు నుంచి ఒక ఎగ్జిబిషన్ ఓనరు తగిలాడు. సగం తమిళం, సగం తెలుగు మాట్లాడేవాడు. ఊరూరా జెయింట్ వీలు, మోటారు సైకిలు తిరిగే బావి, తలే తప్ప ఒళ్ళు లేని ఆడమనిషి, ఇవన్నీ వేసుకుని తిరిగేవాడు. ఒళ్ళు లేని ఆడమనిషిని చూసి చూసి జనానికి మొహం మొత్తిందట, కొత్తది ఏదైనా చెయ్యమన్నాడు. సరిగ్గా ఆ వారమే టీ కొట్టు టీవీలో ఈ జంతువు నోరు తెరిచింది.

కాలేజీలో జువాలజీ చెప్పే సారు ఒకాయన ఉండేవాడు. ఆయన ఇంటి గేటుకు పేరు రాసింది నేనే. ఆయన దగ్గరికి పోయి, ఈ జంతువు మన సీమలో ఈదిందని చెప్పుకోవచ్చా అని అడిగాను. ఆయన నన్ను కూర్చోబెట్టి చాలా ఓపికగా చెప్పాడు. మదనపల్లె బండలు ఈ జంతువు కన్నా ఎంతో ముందువట. అసలు భూమ్మీద ఎముకంటూ పుట్టకముందు గడ్డకట్టిన రాయట. ఎంత లోతు తవ్వినా ఒక చేపముల్లు కూడా దొరకదట. ఆ జంతువు తిరిగిన సముద్రాలు యూరపు వైపువట. ఇంకో మాట కూడా చెప్పాడు. మన బండల్లో నీళ్ళంటూ ఉంటే పగుళ్ళలో ఉంటాయి, పగుళ్ళు లేని చోట ఎంత దింపినా రాతి పిండే వస్తుందని. మధ్యలో ఆగి, "ముందు ఆ నవ్వు ఆపప్పా, మిగతాది చెప్తాను" అన్నాడు. నేను నవ్వడం లేదు. ఆయనకు చాదస్తం అనుకున్నాను.

ఆయన చెప్పింది నిజమని నాకు అప్పుడే తెలుసు. నిజానికి టికెట్టు పెట్టలేం కాబట్టి పక్కన పడేశాను. ఆ పక్కన పడేయడం తలుచుకుంటే ఈ రోజుకీ నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

వెదురు బొంగులు, కోళ్ళ గూటి వల, గోనెపట్టలు, పైన సిమెంటు పూత. పళ్ళు చింతకొయ్యతో చెక్కి తెల్ల ఎనామిల్ వేశాను. గుడారం నలభై అడుగులు కాబట్టి జంతువు ముప్పై ఎనిమిది దగ్గర ఆగింది. ఆ లెక్కన టీవీవాళ్ళ కన్నా నేనే నయం, నాకు గుడారమైనా అడ్డొచ్చింది. ట్యూబులైట్లకు నీలం కాగితం చుడితే లోపలంతా సముద్రం. దవడకు తాడు కట్టి వెనక నుంచి ఓనరే లాగేవాడు. లాగుతూ బీడీ తాగేవాడు. ఆ పొగ జంతువు ముక్కులోంచి వస్తుంటే ముందు వరసవాళ్ళు వెనక్కి జరిగేవాళ్ళు.

నేను మైకు పట్టుకుని కథ చెప్పేవాణ్ణి. ఒకప్పుడు ఇదంతా సముద్రం, హార్స్‌లీ కొండ ఒక దీవి. ఈ జంతువు ఆ కొండ చుట్టూ రోజుకో ప్రదక్షిణం చేసేది. అంగళ్ళు ఊరి దగ్గర మలుపు తిరిగేటప్పుడు దాని తోక తగిలి గుట్ట ఒకటి రెండుగా చీలింది, కావాలంటే పోయి చూసుకోండి. జనం నిజంగానే పోయి చూసొచ్చి, చీలి ఉండాదప్పా అని నాకే సాక్ష్యం చెప్పేవాళ్ళు. మదనపల్లెలో నెల రోజులు ఆడింది. అక్కణ్ణుంచి పుంగనూరు పోయాం.

పుంగనూరులో మా అక్కా బావా వచ్చారు. చుట్టాలింటికి పోతూ దారిలో దిగారు.

మా బావది తంబళ్లపల్లె పక్క మెట్ట చేను. వాన పడితే వేరుశనగ, పడకపోతే ఏమీ లేదు. రెండువేల సంవత్సరం తర్వాత ఆ ఏళ్ళలో వాన పడలేదు. బావ అప్పటికి మూడు బోర్లు వేసి ఉన్నాడు. ఒకటి నీళ్ళ జాడ చూసేవాడి అరచేతిలో టెంకాయ నిలబడిన చోట, ఒకటి వేపపుల్ల వంగిన చోట, ఒకటి మిషను పట్టుకుని వచ్చిన ఆఫీసరు సున్నం గుర్తు పెట్టిన చోట. మూడూ ఎండినవే. మూడు గుంతలకూ మూడు రాళ్ళు మూత పెట్టి ఉండేవి. ఆ దెబ్బకు ఇల్లు కూలకుండా నిలబెట్టింది మా అక్క ఆవు. పుంగనూరు ఆవు. మా అమ్మ పెయ్యగా ఇచ్చింది. నిలబడితే మా అక్క నడుము దాకా కూడా రాదు. తెల్లటిది, మెత్తటి చూపు. నాలుగు పిడికిళ్ళ ఎండుగడ్డి తిని కరువును దాటేసేది. దాని పాలే వాళ్ళ ఊరి టీ కొట్టుకు పోయేవి. ఆ జాతి ఆవులు తగ్గిపోతున్నాయని, వెతికినా దొరకని రోజు వస్తుందని అప్పటికే అనుకునేవాళ్ళు. ఆ మాట అంటూనే జనం ఆ ఆవుల ఊళ్ళోనే, ఎప్పుడో పోయిన సముద్రపు జంతువు బొమ్మ కోసం వరసలో నిలబడ్డారు. నిలబెట్టింది నేనే.

ఆ పూట కథ అయ్యాక బావ అందరి మధ్యలోంచి లేచి అడిగాడు.

"సముద్రం ఉండె అంటావే, ఆ నీళ్ళన్నీ యాడికి పాయ బామ్మర్దీ?"

గుడారం నిండా జనం. చేతిలో మైకు. నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"యాడికీ పోలేదు బావా, కిందనే ఉండాయి. మీ చేన్లో నల్లబండ ఉండాదే, కాయలు ఎండబోస్తారే, అది బండ అనుకుంటాండావు నువ్వు. అది దీని వీపు. నీళ్ళు తగ్గతా తగ్గతా కడాకు ఒక్క మడుగు మిగిలింటే, ఆడికొచ్చి పండుకునింది."

జనమంతా మా బావ వైపు తిరిగారు. మూడు ఎండిన బోర్ల ఆసామిని ఊళ్ళో జాలిగా చూడ్డం అందరికీ అలవాటైపోయింది. ఆ పూట మాత్రం అంత పెద్ద జంతువు తన చేన్లో పడుకున్న మనిషిగా చూశారు. ఒకాయన లేచి బావకు చోటిచ్చాడు కూడా. బావ భుజం మీద తుండు సర్దుకున్నాడు. నాకు సరదాగా ఉండింది. ఎన్ని అబద్ధాలు చెప్పానో, ఒక్క మనిషికి అంత మర్యాద తెచ్చిపెట్టింది అదొక్కటే అనుకున్నాను. మా అక్క మాత్రం నా వైపే చూస్తూ కూర్చుంది.

పది రోజులకు వాళ్ళ ఊరి మనిషి ఒకాయన బస్టాండులో కనిపించి చెప్పాడు. మీ బావ ఆవును సంతకు తోలినాడు, బోరుబండి మాట్లాడుకున్నాడు, నల్లబండ పక్కనే పాయింటు పెట్టినాడు అని. మొదట నవ్వు వచ్చింది. ఆ తర్వాత మా సీమ మనిషి బుర్ర ఎలా పనిచేస్తుందో తలకెక్కింది. ఇంకే సీమలోనైనా చేన్లో రాక్షస జంతువు ఉందంటే ఎముకల కోసం తవ్వుతారు, లేదా భయపడి పారిపోతారు. మా వాడు ఆలోచించేది ఒక్కటే. నీళ్ళలో బతికే జంతువు చివరికి ఎక్కడ పడుకుంటుంది, నీళ్ళున్న చోట. టెంకాయ తప్పు చెప్పొచ్చు, వేపపుల్ల తప్పు చెప్పొచ్చు, ఆఫీసరు మిషను తప్పు చెప్పొచ్చు. దాహమేసిన జంతువు తప్పు చెప్పదు. ఆ ఆలోచనలో ఎక్కడా తప్పు లేదు. జంతువు లేదు, అంతే.

మదనపల్లెలో బస్సు మారి, ఎండ నెత్తికెక్కే వేళకు చేను చేరాను. బోరుబండి నిలబడి ఉంది. తమిళనాడు నుంచి వచ్చిన పనివాళ్ళు బండి మీద నుంచి గొట్టాలు దించుతున్నారు. పాయింటు దగ్గర పసుపు కుంకుమ పెట్టి టెంకాయ కొట్టి ఉన్నారు. ఊళ్ళో సగం మంది గట్టు మీద కూర్చున్నారు. ఇంటి ముందు ఆవును కట్టే గుంజ ఖాళీగా ఉంది. మా అక్క నల్లబండ మీద కూర్చుని ఉంది, ఒళ్ళో ఆవు పలుపుతాడు.

ఆవు పోయింది. దాని డబ్బు ఇంకా బోరుబండి వాళ్ళ చేతికి పోలేదు. మిషను ఆపితే సంత దళ్ళారీని పట్టుకుని ఆవును వెనక్కి తెచ్చుకోవచ్చు. ఆ లెక్క నాకూ అక్కకూ ఒకేసారి తట్టింది. ఆమె నన్ను చూసి లేచి నిలబడింది.

నేను నేరుగా బావ దగ్గరికి పోయి, అందరి ముందూ చెప్పాను. పుంగనూరులో చెప్పింది పచ్చి అబద్ధమన్నాను. సారు చెప్పిన మాటలన్నీ వరసగా చెప్పాను. ఈ బండ ఎముకల కన్నా ముందుదని, ఇక్కడ ఆ జంతువు లేదని, పగులు లేకపోతే నీళ్ళు రావని. జీవితంలో మొదటిసారి ఒక్క ముక్క కూడా కలపకుండా మాట్లాడాను. గట్టు మీదున్న వాళ్ళు పగలబడి నవ్వారు. ఎముకల కన్నా ముందు పుట్టిన బండంట, ఈసారి బాగా కట్టినాడు అన్నాడొక ముసలాయన, కళ్ళు తుడుచుకుంటూ.

బావ నవ్వలేదు. నన్ను బండి వెనక్కి తీసుకుపోయాడు.

"ఇన్నేండ్లు చెప్పినావు గదా, నీ మాట పట్టుకుని ఎవుడన్నా ఒక పని చేసినాడా? నేనన్నా చేసినానా? మొన్న చెప్పినావు సూడు, అది వేరే. అది నీ నోట్లోంచి తప్పిజారిన నిజం. ఇప్పుడు వెనక్కి లాగతాండావు."

"నేను యాల లాగతాను బావా?"

"నన్ను ఆపమని పక్క చేనోడు డబ్బిచ్చినాడా నీకు? బండ వాని చేని గెనుముకు గూడా దగ్గరే గదా."

కోపం ముంచుకొచ్చింది. నా అబద్ధాన్ని నా కన్నా ఎక్కువగా నమ్మినందుకు ఆయన్ని ఆ రాళ్ళలోనే కుళ్ళబొడవాలనిపించింది. ఇన్నేళ్ళుగా నా సోది విని నవ్వి లేచిపోయిన మనుషులంతా, నమ్మకూడని ఆ ఒక్కదాన్ని ఏరుకుని నమ్మాలా. మిషను మొదలైంది. ఆ మోతలో నేను అరిచింది నాకే వినబడలేదు.

మొదట ఎర్రమట్టి వచ్చింది. కాసేపటికే తెల్లటి రాతి పిండి. గొట్టం వెంబడి గొట్టం దిగుతోంది, గొట్టానికింత అని డబ్బు లెక్క. పిండి లేచి చెట్లూ మనుషులూ తెల్లబడ్డారు. మా బావ మీసం మీద పిండి పేరుకుని ముసలివాడైపోయాడు. మా అక్క బండ మీద నుంచి కదల్లేదు. ఒక్కో గొట్టం దిగినప్పుడల్లా ఆమె గొంతు వినిపించేది, ఎవరితోనూ కాదు, తనలో తాను అనుకుంటున్నట్టు.

"కొమ్ములు పాయ." ఇంకో గొట్టం. "మూపురం పాయ."

ఎనిమిదో తొమ్మిదో గొట్టం దగ్గర పిండి కొంచెం నల్లబడింది. గట్టు మీదున్న వాళ్ళంతా లేచారు. బోరు పనివాడు ఆ పిండిని అరచేతిలో నలిపి, వాసన చూసి, తల అడ్డంగా ఊపాడు. రాయి రంగు మారింది, అంతే. ఇక్కడ ఆపితే కొంచెమన్నా మిగులుతుందని ఆ తమిళం మనిషే బావకు చేతులతో సైగ చేసి చెప్పాడు. ఆ చేన్లో ఆ రోజు బుద్ధిగా మాట్లాడింది భాష రాని ఆయనొక్కడే. బావ ఇంకొకటి దింపమన్నాడు. ఇంకొకటి. మా అక్క పొదుగు దాకా వచ్చి ఆగిపోయింది.

ఎండ వాలకముందే బోరుబండి వెళ్ళిపోయింది. బావ నాలుగో రాయి దొర్లించుకొచ్చి గుంత మీద మూత పెట్టాడు. సంతలో దళ్ళారీ దగ్గరికి మర్నాడే పోయాను. ఆవు చేతులు మారిపోయింది, కుప్పం దారిలో పోయే లారీ ఎక్కించినామని చెప్పి వాడు పళ్ళు కుట్టుకుంటూ కూర్చున్నాడు. మా అక్క మదనపల్లె మార్కెట్టులో టమోటాలు ఏరే పనికి పోవడం మొదలుపెట్టింది.

నేనేం చేశానంటే, ఎగ్జిబిషనుతో పాటు కుప్పం పోయాను. అదే గుడారం, అదే మైకు, అదే కథ. సిగ్గులేదా అంటే, లేదు. బావ చేను మాట ఒక్కటి తీసేసి మిగతాదంతా అలాగే చెప్పాను. నన్ను నేను ఇప్పటికీ తిట్టుకునేది బావ చేను గురించి చెప్పిన అబద్ధానికి కాదు, ఆ తర్వాత కుప్పంలో చెప్పిన వాటికి.

అక్కడికి మా అక్క వచ్చింది. కుప్పం పక్క సంతలో పొట్టి తెల్లావు ఒకటి కనిపించిందని ఎవరో చెప్తే, పని ఎగ్గొట్టి, పలుపు సంచిలో పెట్టుకుని వచ్చింది. చూసింది. తనది కాదు. బస్సుకు టైముందని గుడారం దగ్గరికి వచ్చి, నేను చెయ్యి ఊపినా చూడకుండా, వరసలో నిలబడి టికెట్టు కొనుక్కుని ముందు వరసలో కూర్చుంది.

మైకు తీసుకున్నాను. హార్స్‌లీ కొండ దాకా వచ్చి నోరు ఆగిపోయింది. నీలం వెలుతురులో ఆమె మొహం. అప్పుడు చెప్పేశాను. ఈ జంతువు మన సీమకు ఎన్నడూ రాలేదు. ఇంత పొడుగు లేదు, ఇందులో సగం. ఇది బొంగులూ సిమెంటూ, ఆ పొగ ఓనరు బీడీది. మీ చేన్ల కింద ఏ సముద్రమూ లేదు, ఇంటికి పోయి ఎవరూ ఏమీ తవ్వకండి.

జనం ఈలలు వేశారు. ఒకడు వెనక నుంచి, పొడుగుదే చెప్పన్నా, పొట్టిది వద్దు అన్నాడు. గుడారమంతా నవ్వింది.

గుంజలు పాతే గడ్డపార ఆ మూలే ఉంది. తీసుకుని ఎడమ తెడ్డు మీద వేశాను. సిమెంటు పెచ్చులు లేచి వల బయటపడింది. రెండో దెబ్బకు దవడ ఊడి వేలాడింది, చింతకొయ్య పళ్ళు ముందు వరస కాళ్ళ దగ్గర పడ్డాయి. రొప్పుతూ తిరిగి చూస్తే అందరూ లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నారు. ఒకాయన పన్ను ఏరుకుని జేబులో వేసుకున్నాడు. ఓనరు వెనక నుంచి వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు. కొడతాడనుకున్నాను. ఆటకు ఒక తెడ్డు చొప్పున విరగ్గొట్టు, రాత్రికి నేను అతికిస్తా, జనానికి బాగా పట్టింది అన్నాడు. గడ్డపార అతని కాళ్ళ ముందు పడేసి బయటికి వచ్చాను. మళ్ళీ ఆ గుడారంలోకి పోలేదు.

మా అక్క రంగుల రాట్నం పక్కన నిలబడి ఉంది. బస్సు కోసం చూస్తోంది. సంచిలోంచి పలుపు కొస వేలాడుతోంది.

"సూస్తివి గదా అక్కా," అన్నాను. "నిజం చెప్తే ఎవురూ వినరు. ఆ పొద్దు చేన్లో గూడా చెప్పినాను. ఒక్కరన్నా వినింటే ఆవు ఉండేది."

ఆమె నన్ను తిడుతుందని ఎదురు చూశాను. తిడితే బాగుండేది. చాలాసేపు నా మొహంలోకి చూసింది. చిన్నప్పుడు కంట్లో నలుసు పడితే అలాగే చూసేది.

"విన్నాము. నేనూ విన్నా, మీ బావా విన్నాడు. కండ్లతో సూసినాము గూడా. ఆ పొద్దు నువ్వు నవ్వతా చెప్పినావు."

"నేను నవ్వలేదు."

"బావ కాళ్ళు పట్టుకునేదానికి లేచినాను నేను, ఆపమని. నీ మొగం సూసి మళ్ళీ కూర్చున్నా. ఏదో ఆట పట్టిస్తాండాడులే అనుకుంటి."

"లేదక్కా. ఒట్టు. నేను నవ్వలేదు."

బస్సు వచ్చింది. ఆమె మెట్టు ఎక్కి, కమ్మీ పట్టుకుని వెనక్కి తిరిగింది.

"ఇప్పుడూ నవ్వతానే ఉండావు," అంది.

బస్సు కదిలిపోయాక నోటి మీద చెయ్యి పెట్టి చూసుకున్నాను. పెదాల నిండా సిమెంటు దుమ్ము. రెండు కొసలూ పైకి లేచి ఉన్నాయి.